గంగులమ్మ పట్టిన తాడు

మునిరామయ్య తేనె దించే ఇంట్లో పుట్టాడు. మీసాలు రాకముందే శేషాచలం కొండల్లో నిలువు బండల మీద నుంచి తాడుతో తేనెపట్టుల దగ్గరికి దిగేవాడు. కొండ తెలిసిన మనిషని పేరొచ్చాక, తుంబురు తీర్థానికి పోయే యాత్రికులు అతన్నే ముందు నడవమనేవారు. ఎక్కువ మాట్లాడడు. కాలు పెట్టాల్సిన రాయిని కర్రతో తట్టి చూపిస్తాడు, అంతే.

తాడు విషయంలో వాళ్ల ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. దిగేవాడి తాడును పైన పట్టుకోవలసింది బావమరిదే. సొంత తమ్ముడైనా పనికిరాడు. అక్క తాళి తెగనివ్వడని బావమరిది మీద నమ్మకం. మునిరామయ్యకు తాడు పట్టేది భార్య గంగులమ్మ తమ్ముడు పెంచలయ్య. తిరుమలకు ఘాట్ రోడ్డు తెరిచిన ఏడు, వానల్లో చలిజ్వరం వచ్చి పెంచలయ్య పోయాడు. ఆ తర్వాత మునిరామయ్య బండ దిగలేదు. తాడు మూటలు కట్టడానికి మిగిలింది.

మరుసటి ఫాల్గుణ పున్నమికి చిత్తూరు బట్టల వ్యాపారి సుందరరాజు తన వాళ్లతో తీర్థానికి బయలుదేరాడు. వంటకు గంగులమ్మ కూడా వెళ్లింది. దారిలో సుందరరాజు కాలు జారి పడి, బండ నడుమ ఒక అరుగు మీద ఆగాడు. కాలు విరిగింది. అరుగు అంచున మట్టి పెళ్లలుగా రాలుతోంది.

మునిరామయ్య మూటల తాడు విప్పాడు. మేం పట్టుకుంటామని మగవాళ్లు ముందుకొచ్చారు. అతను వాళ్ల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. గంగులమ్మ వచ్చి తాడు కొస అందుకుంది.

"మేయ్, నువ్వు పట్టకూడదు."

"నా తమ్ముడు ఎందుకు పట్టినాడు? నేను ముండమోయకూడదనే గదా. ఆ భయం వానికంటే నాకే ఎక్కువుండాది. దిగు."

అతను దిగాడు. ఆమె తాడును అంచున ఉన్న చెట్టుకు ఒక చుట్టు తిప్పి, కాళ్లు బండకు తన్నిపెట్టి, కొంచెం కొంచెంగా వదిలింది. కింద అతను తన నడుముకున్న తాడు విప్పి సుందరరాజుకు కట్టాక, ఆమె చెప్పినప్పుడే మగవాళ్లు లాగారు, ఆపమన్నప్పుడే ఆపారు. రెండోసారి తాడు మునిరామయ్య కోసం దిగింది. అతను పైకొచ్చేసరికి ఆమె అరచేతుల తోలు ఊడి ఉంది.

ఆడది తాడు పట్టిందని ఊళ్లో పెద్దలు గొణిగారు. ఎండాకాలం రాగానే మునిరామయ్య కొత్త తాడు పేనుకుని, గంగులమ్మతో తేనెబండ ఎక్కాడు. నడుముకు కట్టుకోబోతుంటే ఆమె తాడంతా వేళ్ల మధ్య జార్చి చూసి ఒకచోట ఆగింది.

"ఈడ పాత నార కలిపినావు. ఈ తాడు నేను పట్టను."

మునిరామయ్య బండ మీద కూర్చుని అక్కడి తాడు పేట విప్పడం మొదలుపెట్టాడు.