ఇడపనూరు పెళ్లి ఫోల్డర్

రాయచూరులో మా మేనమామకు ఫోటో స్టూడియో ఉంది. ఒకరోజు కంప్యూటర్‌లో జాగా కోసమని, ఇడపనూరు పెళ్లి ఫోల్డర్‌ను రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకుండా శుభ్రంగా డిలీట్ చేశాడు. ఆల్బమ్ ఇంకా వేయలేదు. కెమెరా కార్డులో అప్పటికే మరో పెళ్లి ఎక్కింది.

"కంప్యూటర్ చదివినవు గదా అల్లుడూ, జర తీసియ్యి" అన్నాడు.

డిలీట్ అంటే చెరిపేయడం కాదని చెప్పాను. కంప్యూటర్ తన జాబితాలోంచి ఫైలు పేరు కొట్టేసి, ఆ జాగా ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. రేషన్ జాబితాలో పేరు పోయిన మనిషిలా, ఫోటో మాత్రం ఇంట్లోనే ఉంటుంది. కొత్తది వచ్చి అదే చోట కూర్చుంటేనే నిజంగా పోతుంది.

"డిలీట్ చేసినంక దీంట్ల ఏమన్న ఎక్కించినవా మామా?"

"మరి ఖాళీగ కూసుంటనా? పోయిన ఫోటోలు తెచ్చే సాఫ్ట్‌వేర్లు నాలుగు దించిన. అవి ఎట్ల వాడాల్నో చూపే వీడియోలు గూడ దించిన."

అన్నీ ఆ డిస్కులోకే. వెతకడానికి వచ్చినవాళ్లే ఫోటోల నెత్తిన కూర్చున్నారు. డిస్కు విప్పి నా ల్యాప్‌టాప్‌కు తగిలించి వెతికితే, భోజనాల ఫోటోలన్నీ చెక్కుచెదరకుండా దొరికాయి. తాళి కట్టే ఫోటో ఒక్కటీ లేదు.

మర్నాడు పెళ్లికూతురి తండ్రి వచ్చి, బంధువులు అన్నం తింటున్న ఫోటోలన్నీ ఓపికగా చూశాడు.

"తాళి ఏది?" అన్నాడు.

మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా అల్లుడు ఇంజినీరన్నా. ఏదో నొక్కి పోగొట్టిండు."