నాన్న వద్దన్నప్పుడు

మా నాన్న ఎనభై ఆరేళ్ళు బతికాడు. అందులో సగం కెనడాలోనే. ఈ దేశం ఆయనకు మొదటి పాఠం కడుపు మాడ్చి నేర్పింది.

మిస్సిసాగాలో మందుల ఫ్యాక్టరీలో పనికి చేరిన కొత్తలో సూపర్‌వైజర్ ఆయన్ని ఇంటికి భోజనానికి పిలిచాడట. సూపర్‌వైజర్ భార్య మొదట కొంచెమే వడ్డించి, ఇంకాస్త వెయ్యనా అని అడిగితే, నాన్న అలవాటుగా "నో, నో, థాంక్యూ" అన్నాడు. మన ఇళ్ళలో మొదటిసారి వద్దనడం మర్యాద. ఆ మాట చెవిన పెట్టకుండా కంచంలో వడ్డించెయ్యడం అవతలివాళ్ళ మర్యాద. పాపం, ఆవిడకి అవేం తెలుసు? వద్దన్నాడు కదా అని గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేసింది. నాన్న ఇంటికొచ్చి ఆవకాయ కలుపుకుని తింటుంటే అమ్మ పడీ పడీ నవ్విందట. "అడగందే అమ్మయినా పెట్టదు, ఆవిడెవరో ఎందుకు పెడుతుంది?" అని.

ఆ గిన్నె కథ నాన్న జీవితాంతం చెప్పాడు, ముఖ్యంగా ఆస్పత్రుల్లో. రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని అదే మరి. పిల్లల దగ్గర ఉండటానికి వచ్చిన తెలుగు పెద్దవాళ్ళకు ఒంట్లో బాగాలేకపోతే, ఆ పిల్లలకు ఆఫీసులో సెలవు దొరక్కపోతే, నాన్నకు ఫోన్ వచ్చేది. కారులో ఎక్కించుకుని తీసుకెళ్ళి, డాక్టర్ పక్కన నిలబడి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేవాడు. మంచు పడుతోంది, వెళ్ళొద్దు నాన్నా అంటే వింటేగా. ఒకసారి నా పుట్టినరోజున అందరం భోజనాలకు కూర్చుంటే, ఎవరో ఆంటీకి ఎక్స్‌రే అని లేచి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆ ఆంటీ డబ్బా నిండా బొబ్బట్లు పంపితే చల్లబడ్డాననుకోండి.

నేనూ ఒకసారి వెంట వెళ్ళాను. ఎమర్జెన్సీలో ఒక పెద్దావిడ నడుం పట్టుకుని మూలుగుతోంది. నర్సు వచ్చి నొప్పికి మందు ఇవ్వమంటారా అని అడిగితే, ఆ మాట నాన్న తెలుగులో చెప్పీచెప్పగానే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అక్కయ్యగారూ, ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. వద్దంటే వద్దనే అనుకుంటారు" అన్నాడు నాన్న. "నొప్పి ఉందా, లేదా?"

"ఉంది బాబూ. కానీ వాళ్ళకెందుకు శ్రమ?"

"వాళ్ళ పనే అది. కావాలనండి, నేను చెప్తా."

ఆవిడ సిగ్గుపడుతూనే కావాలంది.

చెప్పేవి శ్రీరంగ నీతులని నేను నాన్నను ఏడిపించేదాన్ని. ఎందుకంటే ఇంట్లో ఆయన నోట కావాలి అన్న మాట నేనెప్పుడూ వినలేదు. కాఫీ పెట్టనా అంటే "ఎందుకమ్మా ఇప్పుడు" అంటాడు. పెట్టి చేతికిస్తే ఆఖరి చుక్కదాకా తాగుతాడు. కొత్త స్వెటర్ వద్దంటాడు. కొనిస్తే చలికాలమంతా ఒంటిమీంచి తియ్యడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అడక్కుండానే అన్నీ అమర్చేది. అమ్మ పోయాక నాన్న మా ఇంటికి వచ్చేశాడు. ఆ విద్య నాకు పట్టుబడటానికి కొన్నాళ్ళు పట్టింది. నాన్న వద్దన్నాడంటే చెయ్యమని అర్థం, అంతే.

అందుకే ఆయన్ని ఆస్పత్రిలో చేర్చాక, కిడ్నీలు పాడయ్యాయని, డయాలసిస్ మొదలుపెడదామని డాక్టర్ చెప్పినప్పుడు, నాన్న "నో, థాంక్యూ డాక్టర్" అంటే నేనేం కంగారుపడలేదు. మొహమాటపడుతున్నారు, మళ్ళీ అడగండి అని డాక్టరుతో చెప్పాను. ఆవిడ మంచిది. మర్నాడు మళ్ళీ వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, చేయించుకుంటే ఏమవుతుందో, చేయించుకోకపోతే ఏమవుతుందో నిదానంగా చెప్పింది. చేయించుకోకపోతే కొన్ని వారాలట. నాన్న అంతా విని మళ్ళీ వద్దన్నాడు.

అప్పుడు భయం వేసింది. మా నాన్న మొహమాటంతో చచ్చిపోతాడా? వారానికి మూడుసార్లు నన్ను ఆస్పత్రికి తిప్పడం ఇష్టంలేక ప్రాణం వదులుకుంటాడా? అలా చెయ్యగల మనిషే. డాక్టర్ అటు వెళ్ళగానే దులిపేశాను.

"నా కోసమేగా వద్దంటున్నావ్? ఆఫీస్ నేను మేనేజ్ చేసుకుంటా. నువ్వు ఊళ్ళో సగం మందిని తిప్పావు, వాళ్ళు నిన్ను తిప్పరా?"

"తిప్పుతారమ్మా. అడిగితే క్యూ కడతారు."

"మరి?"

"ఆ డయాలసిస్ గదిలో ఎంతమంది పక్కన కూర్చున్నానో. కొందరికి బాగానే పనిచేసింది. నా వయసువాళ్ళు కొందరికి మాత్రం ఇంటికొచ్చి పడుకోవడం, మళ్ళీ లేచి వెళ్ళడం, అదే బతుకైపోయింది. నాకది వద్దు. నీ సంగతి నేను ఆలోచించనేలేదు, కోప్పడకు."

ఆ మాట నమ్మాలో వద్దో తెలియలేదు. నమ్మితే నాన్న ఉండడు. నమ్మకపోతే, ఇష్టంలేని సూదుల కింద ఆయన్ని నేనే పడుకోబెట్టాలి. ఏడుపొచ్చింది. రోజూ అడిగేదే అడిగాను.

"కాఫీ తెమ్మంటావా?"

"కావాలి" అన్నాడు. "పంచదార వేయించి తే. షుగరని ఇన్నేళ్ళూ చప్పటి కాఫీ తాగించావు. నాకు ఒక్కరోజు కూడా నచ్చలేదు."

ఆయన మొహంలోకి చూశాను. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాడు. కావలసింది కావాలని చెప్తున్న మనిషి, వద్దన్నది కూడా మనస్ఫూర్తిగానే వద్దంటున్నాడని నాకప్పుడు అర్థమైంది. కిందికి వెళ్ళి పంచదార దండిగా వేయించి కాఫీ పట్టుకొచ్చాను. దారిలో డాక్టర్ కనిపిస్తే, నాన్నను ఇంటికి తీసుకెళ్తామని చెప్పాను.

ఇంటికొచ్చాక నాన్న అడగడం మొదలుపెట్టాడు. గోంగూర పచ్చడి కావాలన్నాడు. మంచం కిటికీ వైపు జరపమన్నాడు. మా అమ్మాయి గుమ్మంలోంచే "తాతా, డు యు నీడ్ ఎనీథింగ్?" అంటే కాళ్ళు పట్టమన్నాడు. అది ఫోన్ పక్కన పడేసి చాలాసేపు పట్టింది. చూడటానికి వచ్చినవాళ్ళు ఏమైనా కావాలా అంకుల్ అంటే, ఒకరిని గడ్డం గియ్యమన్నాడు, ఇంకొకరిని పేకాటకు కూర్చోబెట్టాడు. ఇన్నాళ్ళూ ఇన్ని కోరికలు ఎక్కడ దాచాడో ఈ మహానుభావుడు. నాకు ఎంత సంతోషంగా ఉండేదో, లోపల అంత దుఃఖంగానూ ఉండేది.

ఒకరోజు ఆఫీసుకు వెళ్ళక తప్పని పని పడింది. అప్పటికి నాన్న మాట బాగా తగ్గిపోయింది. ఆయన్ని చూసుకునే నర్సు వచ్చి కూర్చుంది. నేను లాప్‌టాప్ బ్యాగ్ భుజాన వేసుకుని, వెళ్ళొస్తా నాన్నా అని చెప్పడానికి గదిలోకి వెళ్ళాను. నాన్న కళ్ళు తెరిచాడు.

"ఇవాళ వెళ్ళకే. నువ్వు కావాలి నాకు."

బ్యాగ్ కింద పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం ఊపిరి ఆగేదాకా నా చెయ్యి నాన్న చేతిలోనే ఉంది.