చివర ఆరే గీత

వేడెక్కిన నాపరాయి మీద నీళ్ళు పడితే ఒక వాసన వస్తుంది. తొలకరి పడిన మట్టి వాసన లాంటిది కాదు, దాని మీద ఎవరూ కవిత్వం రాయలేదు. కొంచెం సున్నం, కొంచెం ఇనుము, కొంచెం ఎండ కలిపి పెనం మీద వేసినట్టుంటుంది. మొన్న మే నెలలో ఒక పాత మసీదు ముందరి వాకిట్లో, మా అమ్మాయి నీళ్ళ సీసా మూత సరిగ్గా బిగించకపోవడం వల్ల, ఆ వాసన చాలా ఏళ్ళకు మళ్ళీ నా ముక్కుకు తగిలింది. మసీదు మా అనంతపురం వైపుదే, కొండ కింద ఒక పాత ఊళ్ళో ఉంది. ఊరి పేరు చెప్పను. ఇది చదివాక మీలో కొందరు నీళ్ళ సీసాలు పట్టుకుని బయలుదేరతారని నా భయం.

మేము ఆ రోజు వెళ్ళింది భక్తితోనూ కాదు, చరిత్ర మీద ప్రేమతోనూ కాదు. ఎనిమిదో తరగతి పిల్లలకు సెలవుల్లో ఏ బాధా లేకుండా ఉండకూడదని తలచిన బడివాళ్ళు, ఒక చారిత్రక కట్టడం చూసి పది విషయాలు రాసుకురమ్మన్నారు. ఏ కట్టడమన్నది మా ఆవిడ నిర్ణయించింది. మా అమ్మాయి అప్పటికి ఏడు రాసింది. ఆరోది: చెప్పులు బయట విడవాలి. ఏడోది: లోపల రాళ్ళు కాలుతాయి. ఎనిమిదోది వెతుకుతూ తోరణాలు లెక్కపెడుతుంటే సీసా ఒలికింది. చూడటానికి వచ్చినవాళ్ళంతా పైకి చూస్తున్నారు. నేను కిందికి చూస్తున్నాను. నేను నేల చూసే మనిషిని. నన్ను అలా తయారుచేసినవాడు హుసేనప్ప.

సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం త్వరలో వస్తుందని మూడేళ్ళు చెప్పుకున్నాక, మా నాయన తనకు తెలిసినవాళ్ళను అడిగి నన్ను తాడిపత్రిలో ఒక రాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేర్పించాడు. నునుపు పట్టిన బండలను చూసి, బాగున్నవాటి మీద సుద్దతో టిక్కు పెట్టడం నా పని. హుసేనప్ప అక్కడి పెద్ద పనివాడు. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాలు, మోచేతుల దాకా బూడిదరంగు రాతిబురద. కాగితం మీద నేను ఆయనకు పైవాణ్ణి. ఆ కాగితం ఆయన ఎప్పుడూ చూడలేదు.

మొదటి రోజే అడిగాడు. "ఏం సదివినావప్పా?"

"సివిల్ ఇంజినీరింగ్, మామా."

"రాయి గురించి సెప్పినారా ఆడ?"

"ఒక పాఠం ఉన్నింది."

"ఆ సంగతి రాయికి తెలుసునా?" అని, తన పనిలో పడిపోయాడు.

రాయిని పరీక్షించే పద్ధతి ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ముందు వేలి కణుపుతో తట్టి వినాలి. అది సగం పరీక్షే. తర్వాత చెంబుడు నీళ్ళు పోసి, పక్కన గొంతుక్కూర్చుని, అది ఆరేదాకా చూడాలి. మంచి రాయి అంచుల నుంచి మధ్యకు సమంగా ఆరుతుంది. కంటికి కనపడని పగులుంటే, రాయంతా ఆరినా అక్కడ వెంట్రుకంత నల్లటి గీత మిగులుతుంది. "తడితే రాయి అబద్ధం సెప్పచ్చు. నీళ్ళకు సెప్పదు. పగులు నీళ్ళు తాగింటాది, అది కడాకు ఆరుతాది," అనేవాడు.

తాడిపత్రి ఎండలో రాయి ఆరడానికి ఎంతసేపు? ఒక బీడీ కాల్చేంత. అంతసేపు కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. వేరే పనేమీ లేకపోయినా తొందరగానే ఉండేది. మూడేళ్ళు ఖాళీగా కూర్చున్నవాడికి కూర్చోవడమంటే గిట్టదు.

ఆ వేసవిలో ఒకరోజు లారీ నిండుతోంది. డ్రైవరు హారను మీంచి చెయ్యి తీయడం లేదు. నేను హమాలీలకు ఏదో జోకు చెబుతూ, అది చివరికి వచ్చే సమయంలో, తడి ఆరని ఒక బండ మీద టిక్కు పెట్టేశాను. జోకు బాగానే పండింది. బండ బుక్కరాయసముద్రంలో ఒక కొత్త ఇంటి వంటగట్టుకు వెళ్ళిపోయింది. సాయంత్రం హుసేనప్ప ఆ బండ నుంచి కోసిన మిగులు ముక్క మీద నీళ్ళు పోసి కూర్చోవడం చూశాను. ముక్క ఆరింది. అంచు దాకా ఒక గీత ఆరలేదు. ముక్క అంచు దాకా వచ్చిన పగులు, రెండో ముక్కలోకి వెళ్ళకుండా అక్కడే ఆగి వెనక్కి తిరగదు. ఆయన నావైపు చూడలేదు. నేను కూడా ఆకాశం వైపు చూశాను.

మరుసటి రోజు బోరు ఎండిపోయింది. నీళ్ళు లేనిదే పాలిషింగు లేదు. అందరికీ వేసవి సెలవులు ప్రభుత్వం ఇస్తే, మాకు బోరు ఇచ్చేది. ఇంటికి పోతుంటే హుసేనప్ప పిలిచాడు.

"ఆదివారం నాతో వస్తావా, మసీదు సూసేకి?"

"నేనా? రానిస్తారా మామా?"

"టూరిస్టులు వస్తానే ఉంటారు లేప్పా. చొక్కా మటుకు మంచిది ఏసుకో."

బండ సంగతి మరిచిపోయాడనుకున్నాను. సంతోషంగా మంచి చొక్కా వేసుకున్నాను.

రెండు బస్సులు మారి చేరాం. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో గుడ్డసంచి, సంచిలో నీళ్ళ సీసా. నేను టూరిస్టు ధర్మం ప్రకారం తోరణాలు, మినార్లు చూసి, గోడ మీద చెక్కిన రాత చూపించి అడిగాను. "దాంట్లో ఏముంది మామా?"

"నాకేం తెలుసు? రాయి మటుకు మంచిది."

తర్వాత, కాళ్ళు కడుక్కునే తొట్టి పక్క నుంచి గోడవైపు నడిచి, ఒక బండ దగ్గర గొంతుక్కూర్చుని, సీసా మూత తీశాడు. కాపలా ముసలాయన అరుగు మీద నుంచే పలకరించాడు. "వచ్చినావా హుసేనప్పా? బాగా పొయ్ నీళ్ళు, నాకు ఒక బండ కడిగే పని తప్పుతాది." అంటే ఇది ప్రతి ఏడూ జరిగేదే అన్నమాట.

నీళ్ళు ఆరుతుండగా చెప్పాడు. ఆ వాకిట్లో అరిగిపోయిన బండలు మార్చినప్పుడు వాళ్ళ నాయన పనిచేశాడు. రంజాను పండగకు ఒక్కరోజుంది. చివరి బండ మిగిలింది. తడిపి చూస్తే దాంట్లో గీత. ఆ కొలతకు వేరే బండ లేదు. బండి వెళ్ళి తేవాలంటే నాలుగు రోజులు. పగులు గోడవైపుకు పెట్టి పరిచేశాడు. పండగకు వచ్చినవాళ్ళెవరికీ తెలియలేదు.

"ఎవరికీ చెప్పలేదా?"

"పండగ అయినాంక సెప్తామనుకున్న్యాడు. పండగ అయినాంక ఇంగో పండగ వస్తాది గదా." బీడీ తీశాడు, ఎక్కడున్నాడో గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టాడు. "సచ్చిపోయే ముందర నాకు సెప్పినాడు. ఏటేటా పోయి సూసి రా, పెరిగిందంటే మార్పించు అని. నేను పోయి ఈడి పెద్దాయనకు సెప్తి. ఆయన నగి, ఇంతమంది మోకాళ్ళు మోపినా పగల్లేదు, వదిలెయ్ అన్న్యాడు. ఆయన వదిలేసినాడు. మా నాయన వదల్లేదు గదా."

బండ ఆరింది. అంచు దగ్గర గీత మిగిలింది. హుసేనప్ప దాని పక్కన వేళ్ళు అడ్డంగా ఆనించి కొలిచాడు. మూడు వేళ్ళు. నన్నూ పెట్టమన్నాడు. నాకు నాలుగు వచ్చాయి. "నీవి పెన్ను పట్టే ఏళ్ళు," అన్నాడు. "అట్లే ఉండాది. పెరగలేదు." ఆయన మొహంలో అంత నెమ్మది నేను ఎప్పుడూ చూడలేదు. లేవబోతూ, ఏదో ఊరికే గుర్తొచ్చినట్టు, "మా నాయనకు తెల్లారితే పండగ. నీకేముండె ఆ పొద్దు?" అని అడిగాడు.

నేను టిక్కు పెట్టిన బండ సంగతే అని తెలుసుకోవడానికి నాకు కొంత సేపు పట్టింది. "లారీవాడు హారను కొడుతున్న్యాడు మామా," అన్నాను.

"అంతేనా," అన్నాడు. సీసా మూత బిగించి లేచాడు.

మరుసటి రోజు ఒక్కణ్ణే బుక్కరాయసముద్రం వెళ్ళాను. ఇల్లావిడ కొత్త గట్టు మీద అన్నం వండుతోంది. స్టవ్వు దించితే గట్టు మీద నీళ్ళు పోస్తానన్నాను. "నీళ్ళు పోసేకి తాడిపత్రి నుంచి వచ్చినావా నాయనా?" అంది, జబ్బుమనిషిని చూసినట్టు చూస్తూ. కానీ దించింది. ఇద్దరం నిలబడి చూశాం. గట్టు ఆరింది, మధ్యలో జానెడు గీత ఆరలేదు. "ఇది నీకు ముందే తెలుసునా?" అంది. తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు అన్నాను. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. స్టవ్వు మళ్ళీ పైకి ఎక్కించకుండా, నేల మీదే టీ కాచి ఇచ్చింది. అది తిట్టుకంటే బరువుగా ఉండింది. బోరులో నీళ్ళు పడ్డాక హుసేనప్పా నేనూ కొత్త బండ తీసుకుపోయి వేసి వచ్చాం. "ఇంగ అయిపోయిందిలే నీ ఇంజినీరింగు," అన్నాడు.

తర్వాత నిజంగానే ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. కట్టిన బడులు, అంగన్‌వాడీలు చూసి సంతకం పెట్టడం నా పని. కొన్ని వేసవులు ఆయనతో మసీదుకు వెళ్ళాను. బస్సు దిగగానే ఆయన ఇంటికి పోయేవాడు కాదు. నేరుగా తాడిపత్రి ఖబరస్తానుకు పోయి, వాళ్ళ నాయన సమాధి దగ్గర నిలబడి, "అట్లే ఉండాది నాయనా," అని ఒక్క మాట చెప్పి వచ్చేవాడు. నాకు బదిలీలయ్యాక ఏడాదికొకసారి ఫోను వచ్చేది. అదే ఒక్క మాట. క్షేమసమాచారాల్లో అంతకు మించి ఏముంటుంది?

చివరి ఏడాది ఫోను ముందే వచ్చింది. "మోకాళ్ళు రావప్పా. ఈ తూరి నువ్వు పోయి సూసి సెప్పు." అలాగేనన్నాను. ఆ వేసవిలో మా అమ్మాయి పుట్టింది, ఆఫీసులో తనిఖీలు, ఎండలు. ఇవన్నీ నిజాలే. ఆ రోజు లారీ హారను కూడా నిజంగానే మోగింది. జూన్‌లో మళ్ళీ చేశాడు.

"పోయింటివా?"

"పోయింటి మామా."

"ఏళ్ళు ఆనిచ్చి సూస్తివా? ఎన్ని?"

"నాలుగు."

"నీవి నాలుగంటే నావి మూడు. సరేలే, అట్లే ఉండాదిలే." గొంతులో ఆ పాత నెమ్మది వినిపించింది. "నేను పోలేను గానీ, పిల్లోనితో నాయనకు సెప్పి పంపిస్తా."

నేను చెప్పిన అబద్ధాల్లో అంత కచ్చితమైన కొలతలతో చెప్పింది ఇంకొకటి లేదు. వచ్చే ఏడు వెళ్ళి చూసి నిజం చేద్దామనుకున్నాను. ఆ వానల్లోనే ఆయన పోయాడు. ఆ తర్వాత మసీదుకు వెళ్ళలేదు. గీత పెరిగి ఉంటే ఎవరికి చెప్పాలి? పదమూడేళ్ళుగా జీపులో నీళ్ళ సీసా పెట్టుకుని తిరుగుతూ, ప్రతి బడి వరండాలో నీళ్ళు పోసి, ఆరేదాకా కూర్చునే సంతకం పెడుతున్నాను. కాంట్రాక్టర్లు నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయదగింది కాదు. కానీ ఆ ఒక్క బండ మాత్రం చూడకుండా ఉండిపోయింది.

మా అమ్మాయి చేతిలోంచి సీసా తీసుకున్నాను. తొట్టి పక్క నుంచి గోడవైపు నడిచి, ఆ బండ మీద నీళ్ళు పోసి గొంతుక్కూర్చున్నాను. మోకాళ్ళు రెండూ చప్పుడు చేశాయి. "ఏమట్ల కూసున్న్యారు ఎండలో?" అని మా ఆవిడ నీడలోంచి అడిగింది. ఆరనీ అన్నాను. అంచులు ఆరాయి. మధ్య ఆరింది. గీత మిగిలింది. వేళ్ళు ఆనించాను.

మూడు.

మళ్ళీ కొలిచాను. మూడే. పగుళ్ళు పొడుగవుతాయి గానీ, పొట్టివి కావడం నా సర్వీసులో చూడలేదు. అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను. ఆయన వేళ్ళు రాయి మోసి లావయ్యాయి, నావి ఆఫీసు బజ్జీలతో. దారి ఏదైతేనేం, కొలత ఒకటే అయింది. "నాయనా, ఎనిమిదో పాయింటు దొరికిందా?" అని మా అమ్మాయి పక్కన కూర్చుంది. ఒక బండలో మూడు వేళ్ళ పగులుంది, పెరగలేదు అని రాసుకోమన్నాను. అది చరిత్ర కాదంది.

తిరుగుదారి తాడిపత్రి మీదుగా కాదు. అయినా కారు అటు తిప్పాను. ఖబరస్తానులో హుసేనప్ప తల దగ్గర చిన్న నాపరాయి పాతి ఉంది. "అట్లే ఉండాది మామా," అన్నాను. "ఆ తూరి నేను సూళ్ళేదు. ఈ తూరి సూసినా." సీసాలో మిగిలిన నీళ్ళు ఆ రాయి మీద పోసి, పక్కన కూర్చున్నాను. బయట కారులో ఉక్క భరించలేక మా అమ్మాయి హారను కొట్టింది. కాసేపటికి మళ్ళీ కొట్టింది.

రాయి ఆరేదాకా నేను లేవలేదు.