బానెట్‌కి తొడిగిన రెక్సిన్

కొత్త కారు కొన్న నెలకే కంకర లారీ వెనక వెళ్లి, బానెట్ మీద రెండుచోట్ల పెయింట్ ఊడగొట్టుకున్నాను. మనసు ఊరుకోక రెక్సిన్ తొడుగొకటి కుట్టించి, రాళ్లూ ఎండా తగలకుండా బానెట్‌కి తాళ్లతో కట్టాను. "ముందువైపు తాడు వదులుగా ఉందండీ" అంది మా ఆవిడ మేరీ. నేను వినిపించుకోలేదు.

ఆ ఆదివారం అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అమలాపురం నుంచి అంబాజీపేట చర్చికి బయల్దేరాం. ఎడమపక్క నిండు కాలువ. ఎదురుగాలికి ముందు తాడు ఊడిపోయి, తొడుగు ఒక్కసారిగా లేచి అద్దాన్ని కప్పేసింది. రోడ్డు కనపడలేదు. సడన్ బ్రేక్ వేస్తే వెనకొస్తున్న లారీ గుద్దేస్తుందని భయం.

మేరీ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "ఎడమకి వద్దండీ, కాలువ! కొంచెం కుడికి... ఆయ్, అలాగే... లారీ ఆగిందండీ, ఆపేయండి!"

దిగి చూస్తే చక్రానికీ గట్టు అంచుకీ మధ్య జానెడు నేల ఉంది. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసి, "రంగు పోతే మళ్లీ వేయించుకోవచ్చు బాబూ" అన్నారు.

అత్తగారు అసలు కోప్పడనే లేదు. కారు పైపూత కోసం అంత తపించినవాణ్ణి, లోపల కూర్చున్న ఇద్దరి గురించి ఆలోచించనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.