అందుబాటులోకి రాని కెప్టెన్

నేను రాసిన వాటిలో చాలా వరకు నాకే గుర్తు లేవు. ఒక్క వాక్యం మాత్రం వదలడం లేదు. ఏళ్ళ తరబడి దాన్ని ఛాతీ మీద పెట్టుకుని పడుకుంటున్నాను. "వివరణ కోసం ప్రయత్నించగా ఆయన అందుబాటులోకి రాలేదు." పత్రికల్లో ఈ వాక్యం మీరు ఎన్నోసార్లు చదివి ఉంటారు. చదివి దాటిపోయి ఉంటారు. దాని వెనక ఎవరూ ఎత్తని ఫోను ఒకటి మోగి ఉంటుందని మీ నమ్మకం. చాలాసార్లు అది నిజమే. నేను రాసిన ఆ ఒక్కసారి కాదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను. లేక, మీలో ఒకరు నన్ను ఎరుగుదురనే చెబుతున్నానా?

అప్పట్లో నేనొక దినపత్రికలో నగర విలేకరిని. అనుమానించడం నా వృత్తి. నవ్వుతూ మాట్లాడేవాడు ఏదో దాస్తున్నాడని, చిరాకుపడేవాడు ఇంకా ఎక్కువ దాస్తున్నాడని అనుకునేవాణ్ణి. హైటెక్ సిటీ చుట్టుపక్కల అనుమానానికి పని తక్కువేమీ ఉండేది కాదు. ఒక బోర్డు, రెండు ఏసీ గదులు, టై కట్టుకున్న మనిషి ఒకడు ఉంటే చాలు, సంస్థ అయిపోయేది. ఉద్యోగాలిప్పిస్తామని చెప్పి ఒక ఉదయం తాళం వేసి మాయమైన వాళ్ళ గురించి నేనే ఎన్నో రాశాను.

అలాంటి రోజుల్లో మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసి, ఓడలు నడపడం నేర్చుకుంటానంది. నేను వాళ్ళమ్మ వైపు చూశాను. వాళ్ళమ్మ నా వైపు చూసింది. చెప్పాల్సింది నేనేనని ఆ చూపుకు అర్థం.

అమ్మాయి చేరతానన్నది కొండాపూర్‌లో ఒక సందులో ఉన్న చిన్న కాలేజీ. ఓడల మీద అధికారులుగా వెళ్ళేవాళ్ళకూ, ఓడలు డిజైన్ చేసేవాళ్ళకూ అక్కడ చదువు. భవనం పక్క ఖాళీ జాగాలో, ఇటుకల మీద, నారింజ రంగు లైఫ్‌బోటు ఒకటి నిలబెట్టి ఉండేది. ముక్కు దగ్గర తెల్లటి అతుకు. పక్క ఆఫీసుల కుర్రాళ్ళు మధ్యాహ్నం భోజనాలయ్యాక దాని ముందు నిలబడి ఫోటోలు దిగేవారు. ఇది మోసం అనడానికి నాకు ఆ పడవే చాలనిపించింది. అనిపించిందా, అనిపించాలని కోరుకున్నానా?

వెళ్ళాను. కాలేజీ నడుపుతున్నది కాకినాడ వైపు పెద్దాయన. ఓడల మీద కెప్టెన్‌గా చేసి దిగినవారు. విలేకరినని చెప్పాను. అమ్మాయి సంగతి చెప్పలేదు.

"సముద్రం లేని ఊళ్ళో ఓడల కాలేజీ ఏంటండీ?" అన్నాను, వెటకారంగానే.

"వరి పండని వీధిలో అన్నం తినట్లేదాండీ?" అని నవ్వారాయన. "పాఠాలు ఇక్కడ చెప్తామండి. పని నేర్పడానికి విశాఖ తీసుకెళ్తాం. ఆ పడవంటారా, దాని తాళ్ళు కళ్ళు మూసుకుని కట్టి, కళ్ళు మూసుకుని విప్పేదాకా ఎవర్నీ నీళ్ళ దగ్గరికి పోనివ్వనండి."

"ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటారా?"

"ముగ్గురున్నారండి. ఓడకి ఆడా మగా తేడా తెలీదు. అందులో ఉండే మగాళ్ళకే తెలుస్తుంది. ఆ పాఠం కూడా చెప్తామండి. ఆడపిల్లలకి కాదు, మగపిల్లలకి."

టీ తెచ్చిన మెస్సు ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "సార్, చాయ్ సల్లగైతున్నది, జర తాగుండ్రి. మా కెప్టెన్ సారు ఓడల ముచ్చట షురూ చేస్తే ఇగ ఒడ్డుకు రాడు," అంది. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు.

అనుమతి కాగితాలు అడక్కుండానే నా ముందు పెట్టారు. చూశాను. ఆఫీసుకు వచ్చి, తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి కనుక్కున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. ఒక మనిషి మీద నాకు అనుమానం పూర్తిగా తీరిపోయిన సందర్భాలు చాలా తక్కువ. అది ఒకటి. తీరిపోయాకే నాకు భయం వేసింది. కాలేజీ మంచిదైతే, అమ్మాయి వెళ్ళిపోతుంది.

ఆడపిల్లల స్వేచ్ఛ గురించి నేను పత్రికలో రాసేవాణ్ణి. ఇంట్లో వాటిని మొదట చదివేది మా అమ్మాయే. కొన్ని వాక్యాలు దానికి కంఠతా వచ్చు. అలాంటి పిల్లతో, నెలల తరబడి అంతమంది మగవాళ్ళ మధ్య నువ్వు ఓడ మీద ఉండటం నాకు ఇష్టం లేదని ఏ నోటితో చెప్పను? చెబితే, ఇన్నాళ్ళూ నేను రాసిందంతా ఊరి కోసం రాసిందేనని, ఇంటి కోసం కాదని దానికి తెలిసిపోదూ? అందుకని నా నోటితో అనలేని 'వద్దు'ను పత్రిక చేత అనిపించాను.

కథనంలో అబద్ధాలేమీ పెట్టలేదు. అది మరీ హీనం. నగరంలో ఎవరెవరు ఎలా ముంచారో రాశాను. ఆ పక్కనే ఈ కాలేజీ పేరు రాశాను. పడవ ఫోటో వేయించాను. అనుమతులున్నాయో లేవోనని తల్లిదండ్రులు ఆందోళన చెందుతున్నారని రాశాను. ఆ తల్లిదండ్రులెవరు? నేనే. ఆయన చెప్పింది ఒక్క ముక్క వేసినా కథనం నిలబడదు. కాబట్టి చివర్లో, ఆయన అందుబాటులోకి రాలేదు.

పొద్దున్నే అమ్మాయి ఆ పేజీ చదివింది. పేపరు మడిచి పక్కన పెట్టింది. తర్వాత వచ్చి నా భుజం మీద తల పెట్టి, "నువ్వు లేకపోతే మోసపోయేదాన్ని నాన్నా," అంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ మధ్యాహ్నం కెప్టెన్ గారు ఫోన్ చేశారు. మోగినంతసేపూ దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆయన మళ్ళీ చేయలేదు.

పిల్లలు మానేశారు. కొత్తవాళ్ళు చేరలేదు. కాలేజీ మూతపడింది. ఎవరి ఆచూకీ అయినా సాయంత్రానికల్లా పట్టుకుంటానని మా ఆఫీసులో నాకు పేరు. ఆయన ఆచూకీ మాత్రం నేను వెతకలేదు. ఆ ముగ్గురు ఆడపిల్లలు ఏమయ్యారో అడగలేదు.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదివింది. ఇప్పుడు గచ్చిబౌలిలో, విదేశీ కంపెనీలకు ఓడల డిజైన్లు గీసిచ్చే ఆఫీసులో పనిచేస్తోంది. ఏ ఓడ ఎంత బరువుకు ఎంత లోతు మునగాలో కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క కడుతుంది. ఒక్క ఓడా ఎక్కలేదు. ఆ మాట నవ్వుతూనే చెబుతుంది.

ఈ మధ్య ఒక ఆదివారం చందానగర్ అవతల, ముంబై హైవే మీద కొత్తగా పెట్టిన చేపల హోటల్‌కు నన్ను తీసుకెళ్ళింది. హోటల్ ముందు అలంకారానికి ఒక పడవ పెట్టారు. లోపల మట్టి పోసి పూలమొక్కలు నాటారు. నారింజ రంగు వెలిసిపోయింది. ముక్కు దగ్గర తెల్లటి అతుకు.

"ఇది ఆ కాలేజీదే కదా నాన్నా?"

"ఏమో."

అమ్మాయి పడవ అడుగున అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. లోపల కూర్చున్నాక, మొన్న ఆఫీసు వీడియో కాల్‌లో ఒకామె మాట్లాడిందని చెప్పింది. ఓడ మీద చీఫ్ ఆఫీసరట. తెలుగామె. మొదటి పాఠాలు హైదరాబాద్‌లోనే నేర్చుకుందట. అంతవరకే చెప్పి, చేప ముల్లు ఏరుతూ అడిగింది.

"అప్పుడు ఆ కెప్టెన్ గారిని నువ్వు కలిశావా నాన్నా?"

"లేదమ్మా. దొరకలేదు."

"ఓహో," అని, ముల్లు తీసిన ముక్క నా కంచంలో వేసింది.

జవాబు తెలిసిన ప్రశ్నే ముందు అడగాలి. ఎదుటివాడు అబద్ధమాడతాడో లేదో అక్కడే తేలిపోతుంది. నా వృత్తిలో మొదటి పాఠం ఇది. చిన్నప్పుడు అమ్మాయికి కథలా చెప్పాను. ఆ రోజు అది నన్ను అడిగింది అలాంటి ప్రశ్నేనా? లేక ఊరికే అడిగిందా? ఆ చీఫ్ ఆఫీసరు కాలేజీలోని ఆ ముగ్గురు ఆడపిల్లల్లో ఒకరా? టీ తాగి వెళ్ళి, దొరకలేదని రాసిన విలేకరి సంగతి కాలేజీలో అందరూ చెప్పుకునే ఉంటారు. మెస్సు ఆవిడ ఊరుకునే మనిషి కాదు. ఆ మాట నా కూతురి చెవిన పడిందా? అది మామూలుగానే ఉంటోంది. ఆ మామూలే నాకు అనుమానం. "టిఫిన్ చేశావా?" అని ఫోన్ చేస్తే, ఆ మాట వెనక ఇంకో మాట కోసం వెతుకుతున్నాను. అవతలి గదిలో గొంతు తగ్గించి మాట్లాడితే చెవులు రిక్కిస్తున్నాను. ఊరందరినీ అనుమానించి బతికినవాణ్ణి. ఇప్పుడు నా ఇంట్లో నేనే నిందితుణ్ణి. విచారణ జరుగుతోందో లేదో కూడా తెలీదు.

క్షమాపణ అడగడం లేదు. ఎవరిని అడగాలి? కెప్టెన్ గారు ఉన్నారో లేదో తెలీదు. అమ్మాయికి దాని సముద్రాన్ని తిరిగి ఇవ్వలేను. తప్పు పడితే మర్నాడు పత్రికలో ఒక మూల చిన్న సవరణ వేస్తాం. అది నేను వేయలేదు. ఇప్పుడు వేస్తున్నాను.

ఆయన అందుబాటులోనే ఉన్నారు. నా ఎదురుగా కూర్చున్నారు. అడిగినవీ అడగనివీ చెప్పారు. నేను ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చి, అది రాశాను.

ఛాతీ మీది బరువు దిగలేదు. కొంచెం పక్కకు జరిగింది. అదే చాలా ఊరటగా ఉంది. దీని కింద నా పేరు పెట్టడం లేదు. పడవ ముక్కు దగ్గరి అతుకు సంగతి కొట్టెయ్యాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, ఉంచేశాను. చదివితే అమ్మాయికి నేనెవరో తెలుస్తుంది. ఈసారి ఫోన్ మోగితే ఎత్తుతాను.