అనకాపల్లి స్టేషన్ రోడ్డుకి బిస్కెట్ రంగు

అనకాపల్లికి జనం నూకాలమ్మ దర్శనానికి వెళ్తారు, లేదా బెల్లం కొనుక్కోడానికి వెళ్తారు. నేను మాత్రం ఒక బజ్జీల కొట్టు వయసు రుజువు చెయ్యడానికి వెళ్ళాను.

మా అక్క సత్యవతికి అక్కడ స్టేషన్ ఎదురుగా టిఫిను కొట్టు ఉంది. స్టేషన్నీ, ముందున్న రోడ్డునీ కలిపి కొత్తగా కడుతున్నారు. కొట్లన్నీ తీసేస్తారు. పాత కొట్లవాళ్ళకి కొత్త వరసలో ఒక్కో గది ఇస్తారట, నిన్నా మొన్నా మొలిచినవాటికి ఏమీ లేదట. అక్క కొట్టు పాతదే, కానీ కాగితాలు ఒక తుఫానులో నాని ముద్దయ్యాయి. గది రాకపోతే ఈ వయసులో రోడ్డు మీద బండి పెట్టుకోవాలి.

"గురువారం పదకొండింటికి సర్వేకి వత్తారు. నువ్వు ఆఫీసులో సేసినోడివి, నాలుగు ముక్కలు మాటాడతావు, రా బావా," అని మా బావ అప్పారావు ఫోన్ చేశాడు. పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన నాకు మాట్లాడడం తప్ప మరో పని రాదని ఆయనకి బాగా తెలుసు.

గురువారం పొద్దున్న ఆరుంబావుకి సామర్లకోటలో బండెక్కాను. జనరల్ పెట్టె, అయినా సీటు దొరికింది. మీరు వెళ్ళేటట్టయితే ఎడమ వైపు కూర్చోండి. కొండలు కనిపిస్తాయి, ఎండ పడదు. తునిలో ఏడున్నరకి ఇడ్లీ పొట్లం కొన్నాను. నీళ్ళలాంటి చట్నీ పుణ్యమా అని మంచినీళ్ళ సీసా కొనే పని తప్పింది.

తునిలోనే ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన సర్దుకున్నాడు. పాయకరావుపేటలో టైలరట. ప్రతి స్టేషన్లోనూ కట్టుబడికి అడ్డంగా నిలబెట్టిన నీలం రేకులు చూసి తల ఆడించాడు.

"ఎక్కడ సూసినా రేకులే బాబూ. ఎనకాల ఏటి కడతన్నారో మనకి తెలీదు," అన్నాడు.

"మంచిదే కడుతున్నారేమో," అన్నాను.

"కొలతలు తీసుకోకుండా కుట్టిన సొక్కా మంచిదే అవుద్దేటి?"

ఆయన ఎలమంచిలిలో దిగిపోయాడు.

ఎనిమిదీ నలభైకి అనకాపల్లి చేరాం. అరగంట లేటు, అంటే టైముకే వచ్చినట్టు. లిఫ్టు మీద "త్వరలో" అని కాగితం అంటించారు, ఆ కాగితం కూడా పాతబడిపోయింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వంతెన మెట్ల దగ్గర కాసేపు ఆగి దేవుణ్ణి తలుచుకుని ఎక్కండి. రేకుల సందులోంచి చుట్టూ తిప్పి బయటికి వదులుతారు. పూర్వం రెండు నిమిషాల దారి, అభివృద్ధి వల్ల పది నిమిషాలైంది.

బయట రాబోయే స్టేషన్ బొమ్మ పెద్ద బోర్డు మీద వేసి పెట్టారు. బిస్కెట్ రంగు గోడలు, కింద కాఫీ రంగు పట్టీ, చక్రాల పెట్టె లాక్కుంటూ నవ్వుతూ పోతున్న ఒకావిడ. ఆటోలు లేవు, బెల్లం బుట్టలు లేవు, ఈగలు లేవు. అనకాపల్లిలో ఎండ కూడా ఉండదని ఆ బొమ్మ చూస్తేనే తెలిసింది. పాపం, అసలు ఎండకి తట్టుకోలేని జనమంతా ఆ బోర్డు నీడలోనే కూర్చున్నారు.

అటు తిరిగి చూద్దును కదా, ఎదుటి కొట్లన్నీ బిస్కెట్ రంగులో ఉన్నాయి. కింద కాఫీ రంగు పట్టీ. చెప్పుల కొట్టు, సెలూను, మా అక్క కొట్టు, అన్నీ కవల పిల్లల్లా ఉన్నాయి.

బావ ఎదురొచ్చాడు. చొక్కా మీద కూడా కాస్త బిస్కెట్ రంగే.

"ఎలాగుంది బావా? బొమ్మ ఫోటో తీసి రంగుల కొట్లో సూపించి కలిపించేం. వరసంతా మాటాడుకుని ఏసేం. బొమ్మలో కలిసిపోతే ఇంకేటి తీత్తారు?"

ఆ తెలివికి ముచ్చటేసింది.

అక్క నాకు బయట బల్ల మీదే పెసరట్టు వేసి పెట్టింది. బావ అల్లప్పచ్చడి అడిగితే గిన్నె నా ముందుకి తోసి, "కావలిస్తే తీసుకోమను," అంది. నిన్న సాయంత్రం నుంచీ ఇద్దరికీ మాటల్లేవట. ఎందుకని అడిగితే, "నువ్వు తిను ముందు," అంది.

పదకొండున్నరకి ఒక ఇంజినీరు వచ్చాడు. చేతిలో ఫారాలు, మెడలో కార్డు, మర్యాదగల మనిషి. వరసని ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు.

"ఇవన్నీ ఈ మధ్య కట్టినవే కదండీ," అన్నాడు.

బావ మొహంలో రంగు దిగిపోయింది.

నా ఆఫీసు భాష అంతా బయటికి తీశాను. ఇంజినీరు ఓపిగ్గా విని, "పాతదని కనిపించేది ఏదైనా ఒకటి చూపించండి సార్, నేను రాసుకుంటాను," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఏటా ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్యకి అక్క నూకాలమ్మ గుడి నుంచి కుంకుమ తెచ్చి, నూనెలో కలిపి పొయ్యి వెనక గోడకి ఒక బొట్టు పెడుతుంది. కొట్టు తెరిచిన ఏడు మొదలు ఒక్క ఏడు తప్పలేదు. ఆ గోడకి ఏనాడూ సున్నం వెయ్యనివ్వలేదు. చెట్టు వయసు మానులో వలయాలు చెప్పినట్టు, ఈ కొట్టు వయసు ఆ గోడ చెబుతుంది.

"లోపలికి రండి," అని ఇంజినీరుని తీసుకెళ్ళాను. గోడ బిస్కెట్ రంగులో ఉంది.

"నువ్వొత్తన్నావని నిన్న లోపల కూడా ఏసేను బావా," అన్నాడు బావ నేల చూస్తూ. "మిగిలిపోయింది కదా అని."

మాటలెందుకు లేవో అప్పుడర్థమైంది. నా కోసం వేశాడు మహానుభావుడు. ఇంజినీరు పెన్ను మూత పెట్టబోయాడు.

"ఆగండి బాబూ," అంది అక్క.

తెల్లారుజామున వెలిగించిన పొయ్యి ఇంకా మండుతూనే ఉంది. దాని వెనక రంగు అక్కడక్కడా బుడగలెత్తి ఉంది. ఇన్నేళ్ళ బజ్జీల నూనె తాగిన గోడ మరి, రంగు ఎక్కడ పడుతుంది? అక్క అట్లకాడ తీసి బుడగ కింద దూర్చింది. రంగు అప్పడంలా లేచి కింద పడింది. వెనక మసి, మసిలో ఎర్రగా ఒక బొట్టు. పక్కన ఇంకొకటి. అక్క గీకుతుంటే ఇంజినీరు సెల్లు లైటు పట్టుకుని పైకే లెక్కపెట్టాడు. ముప్ఫై ఒకటి.

"మొదటిదెట్టినప్పుడు మా అత్త ఉంది," అంది అక్క. కళ్ళు తుడుచుకుంది.

ఇంజినీరు ఫోటో తీసుకుని ఫారంలో "పాతది" అని రాశాడు. రుజువు అన్న గడిలో ఏం రాయాలో తోచక నన్నడిగాడు. "మసి అని రాయండి," అన్నాను. రాశాడు.

కబురు వరసంతా పాకింది. మధ్యాహ్నం అన్నం తినే వేళకి చెప్పుల కొట్టాయనా, సెలూనాయనా రేకు ముక్కలు, కత్తులు పట్టుకుని వారం కిందట చందాలేసుకుని వేసిన రంగుని గోకుతున్నారు. బొమ్మలో ఆవిడ మాత్రం నవ్వుతూనే ఉంది.

వెళ్ళేముందు ఇంజినీరు ఇంకో మాట చెప్పాడు. కొత్త గదుల్లో మంట పెట్టకూడదు. గ్యాసు కూడా కుదరదు, కరెంటు పొయ్యే. గోడలకి మసి పడితే జరిమానా. అంటే మసి చూపించి, మసి పట్టనివ్వని గది సంపాదించాం.

మూడూ యాభైకి నా తిరుగు బండి. అక్క కొట్టు బావకి వదిలి, బజ్జీల పొట్లం పట్టుకుని ప్లాట్‌ఫారం మీదకి వచ్చింది. వంతెన మెట్ల మీద రెండుసార్లు ఆగింది. పొద్దున్న నేనూ అక్కడే ఆగాను.

"బావతో మాట్లాడవే ఇంక," అన్నాను.

"మాటాడతాన్లే. అల్లప్పచ్చడి కూడా ఏత్తాను." పొట్లం నా చేతిలో పెట్టింది. "అది కాదు తమ్ముడూ. కరెంటు పొయ్యి కాడ కూడా ఏటా బొట్టెడతాను. జరిమానా అంటే తుడిచేత్తాను. మళ్ళీ ఎప్పుడో ఇంకో బొమ్మ పట్టుకొత్తారు కదా. అప్పుడు నానిక్కడ ఉన్నానని ఏ గోడ సెప్తాది?"

బండి కదిలింది. ముప్ఫై ఏళ్ళు అర్జీలకి జవాబులు రాసినవాణ్ణి, తుని దాటేదాకా ఆలోచించాను. బజ్జీలు అయిపోయాయి, చేతికంటిన నూనె జేబురుమాలుతో ఎంత తుడిచినా పోలేదు. అలాగే ఉంచుకున్నాను.