తాతబాబు పన్నెండు డబ్బీలు

తాతబాబుకి అత్తవారి వీధంటే గుండెదడ. ఫిషింగ్ హార్బరు పక్కనున్న ఆ సందులో ఎవర్ని కదిపినా అత్తో, పిన్నత్తో, మరదలో అవుతారు. సరిగ్గా అక్కడికే పంపారతన్ని యూనివర్సిటీ వాళ్లు, చేతికి పన్నెండు తెల్ల డబ్బీలిచ్చి.

మందులకు లొంగని క్రిములు జనం కడుపుల్లోకి ఎలా చేరుతున్నాయో తేల్చే పరిశోధన అది. క్రిముల్ని చూడటానికి యశస్విని మేడం, లెక్కలు కట్టడానికి తిరుమలరావు మాస్టారు. ఇద్దరికీ కావలసింది ఇంటికొకరి మలం. తెచ్చేవాడు తాతబాబు. పదకొండేళ్లుగా ఆ ల్యాబులో రోజుకూలీ మీద సీసాలు కడుగుతున్నాడు. ఈ పని చక్కగా చేస్తే పర్మనెంటుకి రాస్తానని మేడం మాటిచ్చింది.

మొదటి గడప అత్తగారు గురువమ్మదే. ఎండుచేపలు తిరగేస్తూ, "ఏటల్లుడా, ఆ డబ్బీలేటి? మొహానికి రాసుకునే క్రీములు గానీ అమ్ముతన్నావేటి?" అంది.

అత్తగారి ఎదుట కాలు మీద కాలు వేసుకోని అల్లుడు, ఆమెను ఇది ఏ నోటితో అడుగుతాడు?

"ఏట్లేదత్తా, ఇలాగొచ్చాను" అని వెనుదిరిగాడు. రెండ్రోజుల్లో పన్నెండు డబ్బీలూ తనే నింపేశాడు. ఎలాగని మనం అడగకూడదు.

పదిహేను రోజులకి ల్యాబులో పండగ. పన్నెండిళ్లలోనూ ఒకే క్రిమి! మాస్టారు గోడమీది పటంలో పన్నెండు ఎర్ర పిన్నులు గుచ్చారు.

"తోడబుట్టినవాళ్ల కడుపుల్లో కూడా ఇంత పోలిక ఉండదే!" అంది మేడం.

"కుళాయి నీళ్లేనమ్మా. రేపే రిపోర్టు పంపితే కుళాయి ఆపేస్తారు" అన్నారు మాస్టారు.

సీసాలు కడుగుతున్న తాతబాబు ఆ మాట విన్నాడు. చెబితే పర్మనెంటు పోతుంది. చెప్పకపోతే వీధంతటికీ నీళ్లు పోతాయి. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని, పెళ్లాం సీతాలు దగ్గర కక్కేశాడు.

"నీ కడుపులో పురుగుకి మా అమ్మోళ్ల కుళాయి కట్టేత్తారేటి?" అని లేచిందామె. "పొద్దున్నే సెప్పు. లేదంటే నాను సెప్తాను."

పొద్దున్నే చెప్పాడు. "మేడం, ఆ పన్నెండూ... నాయే."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మాస్టారు ఒక్కొక్క పిన్నే పీకారు. చివరిది వేళ్ల మధ్య పట్టుకుని, "మీ ఇల్లెక్కడ?" అన్నారు.

"మధురవాడ, సార్."

పిన్ను మధురవాడలో దిగింది.

"ముందు డాక్టరుకి చూపించుకో" అంది మేడం. పర్మనెంటు మాట మళ్లీ ఎత్తలేదు.

కొత్త డబ్బీలు సీతాలు పట్టుకెళ్లింది. సాయంత్రానికి పన్నెండూ తెచ్చింది, మాస్టారి చేత శభాష్ అనిపించుకుంది. వాటి మీద పేర్లు రాయవలసింది మాత్రం తాతబాబే.

"మొదటిది మాయమ్మది" అంది సీతాలు. "అల్లుడికి సెప్పమంది, అడిగితే ఆ రోజే ఇచ్చుందునని."

తాతబాబు ఆ డబ్బీని రెండు చేతులా అందుకుని, తల వంచుకుని రాశాడు: గురువమ్మ.